విధి నుండి వింత వరకు

కళాశాల ఆవరణలో విద్యార్థుల సంభాషణలను ఆలకించేవారికి ‘వియర్డ్’ అనే ఆంగ్లపదం రోజుకు ఎన్నోసార్లు వినిపిస్తుంది. మిత్రుడు వేసుకున్న చొక్కా రంగు వియర్డ్. తెల్లవారుజామున వచ్చిన కల వియర్డ్. ప్రశ్నపత్రంలో ఎవరూ ఊహించని ప్రశ్న వస్తే అదీ వియర్డే. నిఘంటువు తెరిస్తే ఈ పదానికి వింత, విచిత్రం, విడ్డూరం, అసహజం అన్న అర్థాలు కనిపిస్తాయి. వీటిలో ఏదీ తప్పు కాదు. అయితే ఈ అర్థాలు ఆ పదానికి అంటుకొని సుమారు రెండువందల సంవత్సరాలే అయింది. అంతకుముందు వేయి సంవత్సరాలుగా అది ప్రధానంగా నామవాచకం. దాని అర్థం విధి. మరణానికి, యుద్ధానికి, రాజ్యాల ఉత్థాన పతనాలకు సంబంధించిన గంభీరమైన మాట అది. చొక్కా రంగును గురించి దానిని వాడటం నాటివారి ఊహకు కూడా అందని విషయం.

కాలగమనంలో పదాల అర్థాలు మారటాన్ని భాషాశాస్త్రజ్ఞులు అర్థవిపరిణామం అంటారు. తెలుగులో దీనికి ఉదాహరణలు కోకొల్లలు. ప్రాచీన కావ్యాలలో సువాసనకు కూడా చెల్లిన ‘కంపు’ నేడు దుర్వాసనకు మాత్రమే మిగిలింది. వేదాధ్యయనం చేసినవాడు అనే గౌరవవాచకంగా పుట్టిన ‘ఛాందసుడు’ క్రమంగా పాతకాలపు పట్టుదలలు విడవనివాడయ్యాడు. విధికి సంబంధించిన మాటలైతే మరింత చిత్రంగా స్థానం మారుస్తాయి. ‘అదృష్టం’ అంటే నిజానికి కనిపించనిది. మనిషి చేసిన పుణ్యపాపాలు రెండూ కంటికి కనిపించని శక్తిగా నిలిచి తరువాతికాలంలో ఫలమిస్తాయని దర్శనకారులు భావించి, ఆ శక్తికి ఈ పేరు పెట్టారు. అందులో మంచీ ఉన్నది, చెడూ ఉన్నది. నేటి తెలుగులో అదృష్టం అంటే మంచి మాత్రమే; చెడుకు ‘దురదృష్టం’ అని వేరొక మాటను కల్పించుకోవలసి వచ్చింది. ‘కర్మ’ కథ దీనికి విరుద్ధం. చేసిన పని అనే సామాన్యార్థం కలిగిన ఆ మాట జనవ్యవహారంలో ఒత్తు పలికి ‘ఖర్మ’ అయింది. ‘నా ఖర్మ!’ అని తల కొట్టుకునేవారెవరూ తాము చేసిన మంచిపనిని ఉద్దేశించి ఆ మాట అనరు. విధిని ఎవరూ చూడలేదు. చూడని వస్తువుకు పెట్టిన పేరు ఒకచోట స్థిరంగా నిలవకపోవటంలో ఆశ్చర్యం లేదేమో!

ఆయా జాతులు విధికి పెట్టుకున్న పేర్లను పరిశీలిస్తే వారు దానిని ఏ విధంగా భావించుకున్నారో కొంత తెలుస్తుంది. తెలుగువారికి అది రాత: తలరాత, నుదుటిరాత. బ్రహ్మ నొసట వ్రాసిన అక్షరాలను ఎవరూ తుడపలేరని విశ్వాసం. రోమనులకు అది పలుకు. ఆంగ్లంలోని ‘ఫేట్’ లాటిన్ ‘ఫాటుమ్’ నుండి వచ్చింది. పలుకబడినది అని దాని అర్థం. దేవతలు ఒకసారి నోటితో అన్నది జరిగి తీరుతుందన్నమాట. గ్రీకులు ‘మోయిరా’ అన్నారు, అంటే వాటా. సంస్కృతంలోని ‘భాగ్యం’, అరబ్బీ నుండి పారసీకం, ఉర్దూల మీదుగా హైదరాబాదు వీథులకు చేరిన ‘కిస్మత్’ కూడా పంచగా వచ్చిన వాటా అనే భావంతో పుట్టినవే. ఇక ‘విధి’ అన్నది ‘ధా’ ధాతువు నుండి వచ్చింది. ఉంచటం, నిలపటం దాని అర్థం. విధాత ఏర్పరచినదే విధి. సర్వనాశనం అన్న అర్థంలో నేడు వాడుతున్న ‘డూమ్’ అనే ఆంగ్లపదం కూడా ఈ ‘ధా’ ధాతువుకు దగ్గరి చుట్టమే. ప్రాచీనాంగ్లంలో దాని అర్థం తీర్పు, నిర్ణయం. ‘డూమ్స్‌డే’ అంటే మొదట తీర్పుదినం. ఆ దినాన్ని తలచుకొని భయపడిన జనం ఆ మాటలోని తీర్పును మరచి నాశనాన్ని మిగుల్చుకున్నారు.

రాత, పలుకు, వాటా, నిర్ణయం అనే ఈ నాలుగింటిలోనూ ఒక సామాన్యాంశం ఉన్నది. ఎవరో ఒకరు ముందుగా ఒక పని చేశారు: వ్రాశారు, పలికారు, పంచారు, నిలిపారు. ఆ పని ముగిసిపోయింది. మనిషి పుట్టేసరికే అంతా పూర్తయి ఉన్నది. ‘వియర్డ్’కు మూలమైన ప్రాచీనాంగ్ల పదం ‘వ్యుర్ద్’ ఈ వరుసలో చేరదు. (పెదవులను ‘ఉ’కారానికి వలె గుండ్రంగా ఉంచి ‘ఇ’కారాన్ని పలికితే వచ్చే అచ్చు ఆ పదంలో ఉండేది, తెలుగు లిపిలో దానికి సరిపోయే అక్షరం లేదు.) ‘వెయొర్థన్’ అనే క్రియ నుండి అది పుట్టింది. అవటం, పరిణమించటం, జరగటం ఆ క్రియకు అర్థాలు. నేటి జర్మన్ భాషలో ‘వేర్డెన్’ అనే క్రియ అదే అర్థంలో నిత్యవ్యవహారంలో ఉన్నది. అందువల్ల ‘వ్యుర్ద్’ అంటే ధాత్వర్థం ప్రకారం అయినది, అవుతూ వచ్చినది. అందులో వ్రాసినవాడు లేడు, పలికినవాడూ లేడు.

ఇంకా వెనుకకు వెళితే ఈ కథ తెలుగు విద్యార్థికి బాగా తెలిసిన చోటికే చేరుతుంది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండాలని ప్రతిపాదించాడు. తరువాతి శతాబ్దంలో జరిగిన పరిశోధనలు ఆంగ్లం, జర్మన్ మొదలైన భాషలు కూడా ఆ కుటుంబానికి చెందినవేనని నిరూపించాయి. ‘వెయొర్థన్’కు ఆ కుటుంబంలో రెండు ప్రసిద్ధ జ్ఞాతిపదాలు ఉన్నాయి. ఒకటి లాటిన్‌లోని ‘వెర్తెరె’, అంటే తిప్పటం. రివర్స్, వెర్షన్, యూనివర్సిటీ వంటి మాటలన్నింటిలో ఉన్నది ఆ తిప్పటమే. రెండవది సంస్కృతంలోని ‘వృత్’ ధాతువు. తిరగటం, ఉండటం, జరగటం దాని అర్థాలు. వృత్తం, వర్తులం, ఆవర్తం, పరివర్తన, ప్రవర్తన, చక్రవర్తి మొదలైన తత్సమాలన్నీ ఈ ధాతువు నుండి వచ్చినవే. దీపంలో వేసే ‘వత్తి’ కూడా సంస్కృత ‘వర్తి’ నుండి వచ్చింది. దూదిని మెలితిప్పి చేసినది కనుక దానికి ఆ పేరు. తెలుగు స్వతహాగా ద్రావిడభాష. ఈ విషయాన్ని 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ సోదాహరణంగా చూపించాడు. కాబట్టి ఈ బంధుత్వం తెలుగుకు సంస్కృతం ద్వారా సంక్రమించినదే తప్ప పుట్టుకతో వచ్చినది కాదు.

ఈ పోలిక శబ్దంలోనే కాక అర్థంలోనూ కనిపిస్తుంది. సంస్కృతంలో ‘వృత్తం’ అంటే గుండ్రని ఆకారమనే గాక జరిగిన సంగతి అని కూడా అర్థం. ‘వృత్తాంతం’లో ఉన్నది ఆ అర్థమే. ‘వార్త’ కూడా ఆ ధాతుపరివారంలోనిదే. ప్రాచీనాంగ్ల వచనగ్రంథాలలో ‘వ్యుర్ద్’ అనేక స్థలాలలో జరిగిన సంగతి, సంఘటన అనే సామాన్యార్థంలోనే కనిపిస్తుంది. తిరగటం నుండి జరగటం, జరగటం నుండి జరిగినది, అక్కడినుండి జరగవలసినది అనే క్రమంలో భావం సాగింది.

‘వృత్’లోని తకారం ఆంగ్లంలో దకారంగా ఎందుకు మారిందన్న ప్రశ్న చాలాకాలం పండితులను వేధించింది. గ్రిమ్ సూత్రం ప్రకారం ఆ స్థానంలో ‘థింగ్’ అనే మాటలో వినిపించే తొలి ధ్వని రావాలి. ‘వెయొర్థన్’ క్రియలో అదే వచ్చింది. అదే కుటుంబంలోని ‘వ్యుర్ద్’లో మాత్రం దకారం ఉన్నది. దీనికి కారణాన్ని 1870వ దశకంలో డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నర్ కనుగొన్నాడు. పదంలో ఉదాత్తస్వరం ఏ అచ్చు మీద ఉన్నదో దానినిబట్టి తరువాతి హల్లు మారిందని అతడు నిరూపించాడు. జర్మానిక్ భాషలలో ఆ ప్రాచీన స్వరవ్యవస్థ ఏనాడో నశించింది. వెర్నర్‌కు ఆధారమైనది వేదపాఠం. తరతరాలుగా అధ్యేతలు తలలూపుతూ కాపాడుకుంటూ వచ్చిన ఉదాత్తానుదాత్తాలు ఎక్కడో ఉత్తర ఐరోపాలోని ఒక హల్లు రహస్యాన్ని విప్పాయి. భాషాశాస్త్ర చరిత్రలో ఇంతకు మించిన రమణీయ ఘట్టాలు చాలా లేవు.

స్కాండినేవియా పురాణాలలో ఈ పదం ఒక స్త్రీ రూపం ధరించింది. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ కూర్చిన గద్య ఎడ్డాలో ఇగ్‌ద్రసిల్ అనే మహావృక్షం ప్రస్తావన ఉన్నది. దాని ఒక వేరు కింద ఒక పవిత్రమైన బావి, ఆ బావి చెంత ముగ్గురు కన్యలు. వారి పేర్లు ఉర్ద్, వెర్దంది, స్కుల్ద్. మానవుల ఆయుర్దాయాన్ని నిర్ణయించేవారు వీరే. ‘ఉర్ద్’ అన్నది ‘వ్యుర్ద్’ పదానికి స్కాండినేవియా రూపం. ‘స్కుల్ద్’లో ఋణం, చెల్లించవలసినది అనే భావం ఉన్నది. నడిమి కన్య పేరు మరింత ఆసక్తికరం. ‘వెర్దంది’ అంటే అవుతున్నది. వ్యాకరణరీత్యా వర్తమానకాలిక విశేషణం. సంస్కృతంలో ‘వృత్’ ధాతువుకు అటువంటి రూపమే ‘వర్తమాన’. వ్యాకరణం తరగతిలో భూత, భవిష్యత్, వర్తమానాలను వల్లించే తెలుగు విద్యార్థి తనకు తెలియకుండానే ఆ మంచుదేశపు దేవతకు జ్ఞాతి అయిన మాటను ఉచ్చరిస్తున్నాడు.

ఈ ముగ్గురూ ప్రతిదినం బావినీటిని, బావి చుట్టూ ఉన్న తెల్లని మట్టితో కలిపి ఆ వృక్షం ఎండిపోకుండా కొమ్మల మీద చల్లుతారని స్నోరి చెప్పాడు. విధిదేవతలు చెట్టుకు నీళ్లు పోసే పనిలో ఉండటం గమనింపదగినది. వేరొక ప్రాచీన కవిత వీరు కొయ్యపలకల మీద చెక్కుతారని కూడా చెబుతుంది. కాబట్టి రాత అనే భావన వారికి పూర్తిగా లేదనటం సరికాదు. అయితే చెట్టుకు నీరు పోయటం ఒకనాటితో ముగిసే పని కాదు.

ఇంగ్లండులో ఇంత స్పష్టమైన దేవతారూపం దొరకదు. 8వ శతాబ్దంనాటి పదకోశాలలో రోమనుల విధిదేవతలైన ‘పార్కే’ అనే పేరుకు ఎదురుగా ‘వ్యుర్ద్’ బహువచనరూపం వ్రాసి ఉన్నది. ఇది చూసి, 19వ శతాబ్దంలో కొందరు ఐరోపా పండితులు ప్రాచీనాంగ్ల గ్రంథాలలో ఈ పదం కనిపించిన ప్రతిచోటా ఒక అన్యమత దేవతను దర్శించారు. అది అతిశయోక్తి. మిగిలిన గ్రంథాలన్నీ క్రైస్తవ మఠాల వాతావరణంలో లిఖితమైనవే. వారికి ఈ పదం కొన్నిచోట్ల విధి, కొన్నిచోట్ల సంఘటన, కొన్నిచోట్ల మృత్యువు. 3,182 పంక్తుల ‘బేవుల్ఫ్’ వీరకావ్యంలో ఇది పలుమార్లు వినిపిస్తుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో వ్రాసిన ఆ కావ్యపు ఏకైక ప్రతి 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు కాలి, కొద్దిలో దక్కింది. ఆ కావ్యనాయకుడు రాక్షసునితో పోరుకు సిద్ధమయ్యేటప్పుడు ఫలితాన్ని వ్యుర్ద్‌కు విడిచిపెడతాడు. అదే నాయకుడు మరొక సందర్భంలో, చావు ఇంకా నిశ్చయం కాని వీరుణ్ణి అతని ధైర్యం చెడకుంటే వ్యుర్ద్ తరచు కాపాడుతుందనే భావం వ్యక్తం చేస్తాడు. ఈ రెండవ మాట చాలా ముఖ్యమైనది. రాసిపెట్టిన విధి ఎవరి ధైర్యాన్నీ లెక్కచేయదు. ఈ విధి చేస్తుంది.

9వ శతాబ్దం చివర వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ పేర ప్రసిద్ధమైన ఒక అనువాదంలో ఈ భావం తాత్త్వికచర్చకు ఎక్కింది. మూలగ్రంథం బొయీథియస్ అనే రోమను తత్త్వవేత్త కారాగారంలో మరణదండనకు ఎదురుచూస్తూ లాటిన్‌లో రచించిన ‘తత్త్వం ఇచ్చిన ఓదార్పు’. మంచివారికి కష్టాలు ఎందుకు వస్తాయి అన్నది ఆ గ్రంథంలోని ప్రధానమైన ప్రశ్న. అడిగినవాడు మరణం ముంగిట ఉన్నవాడు. సమాధానంగా బొయీథియస్ ఏకకేంద్రక వృత్తాల ఉపమానం చెప్పాడు. ఆంగ్లానువాదకుడు దానిని బండిచక్రంగా మార్చాడు. ఇరుసు భగవంతుడు. నాభికి దగ్గరగా ఉన్నవారు ఉత్తములు, ఆకుల వెంట ఉన్నవారు మధ్యములు, నేలను రాచుకుంటూ తిరిగే అంచున ఉన్నవారు అధములు. చక్రమంతా ఇరుసును ఆశ్రయించే తిరుగుతుంది; కుదుపులు మాత్రం అంచున ఉన్నవారికి ఎక్కువ. దైవసంకల్పం కదలనిది, వ్యుర్ద్ కదిలేది అని ఆ గ్రంథం వివరించింది. తిరగటం అనే ధాత్వర్థం కలిగిన మాటకు తిరిగే చక్రమే ఉపమానం కావటం కాకతాళీయమే కావచ్చును. కాని ఇంతకంటె తగిన ఉపమానం దొరకటం కష్టం.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఆంగ్లభాషలోకి ఫ్రెంచి, లాటిన్ పదాలు వెల్లువగా వచ్చాయి. ‘డెస్టినీ’, ‘ఫేట్’, ‘ఫార్చ్యూన్’ వంటి నాగరికపదాల ముందు పాత దేశిపదం నిలవలేకపోయింది. 14వ శతాబ్దంలో ఛాసర్ ఇంకా దానిని విధి అనే అర్థంలో వాడాడు. అటుపిమ్మట దక్షిణ ఇంగ్లండులో అది దాదాపుగా కనుమరుగైంది. ఉత్తరాన స్కాట్లండులో మాత్రం బతికింది. రాజధాని భాష విడిచిన మాటలను ప్రాంతీయభాషలు దాచిపెట్టటం అన్ని దేశాలలోనూ కనిపించే విషయమే. 1513లో వర్జిల్ మహాకావ్యాన్ని స్కాట్ భాషలోకి అనువదించిన గావిన్ డగ్లస్, రోమనుల విధిదేవతలను ‘వియర్డ్ సిస్టర్స్’ అని పేర్కొన్నాడు. విధి సోదరీమణులు అని దాని అర్థం. ఇక్కడ కూడా ‘వియర్డ్’ విధియే; వింత కాదు.

ఈ సోదరీమణులు అప్పటికే ఒక రాజు కథలో ప్రవేశించి ఉన్నారు. చరిత్రలోని మాక్‌బెత్ 1040లో డంకన్ రాజును యుద్ధంలో ఓడించి చంపి, 1057 వరకు స్కాట్లండును పాలించాడు. 1420 ప్రాంతంలో ఆండ్రూ ఆఫ్ వింటన్ అనే మఠాధిపతి వ్రాసిన పద్యచరిత్రలో మాక్‌బెత్‌కు ముగ్గురు స్త్రీలు కలలో కనిపించి, అతడు రాజవుతాడని పలుకుతారు. వారు తనకు విధి సోదరీమణుల వలె తోచారని మాక్‌బెత్ అనుకుంటాడు. 1527లో హెక్టర్ బోయిస్ లాటిన్‌లో వ్రాసిన చరిత్రలో కల పోయి, ఎదురుపడటం వచ్చింది. బాంకో అనే రెండవ శ్రోత కూడా అక్కడే పుట్టాడు. ఈ కథ అక్కడినుండి హాలిన్షెడ్ చరిత్రగ్రంథానికి చేరింది. 1577 నాటి దాని తొలి ముద్రణలోని చెక్కబొమ్మలో ఆ ముగ్గురూ మంచి దుస్తులు ధరించిన గౌరవనీయులైన స్త్రీలుగా కనిపిస్తారు. హాలిన్షెడ్ వారిని విధిదేవతలని, లేదా వనదేవతలని వివరించాడు. ఈ గ్రంథపు 1587 నాటి రెండవ ముద్రణ షేక్‌స్పియర్ చేతిలో పడింది.

1606 ప్రాంతంలో రచించిన ‘మాక్‌బెత్’ నాటకంలో ఈ సోదరీమణులు వల్లెవాటు దుస్తులను విడిచి, ముడతలు పడిన ముఖాలతో, గడ్డాలతో, కుండలో కషాయం కాచే వృద్ధస్త్రీలుగా మారిపోయారు. మంత్రగత్తెల మీద స్వయంగా ఒక గ్రంథం వ్రాసిన జేమ్స్ రాజు అప్పుడు సింహాసనం మీద ఉన్నాడు. ముద్రితప్రతిలోని రంగస్థల సూచనలలో వారు మంత్రగత్తెలు. మాక్‌బెత్, బాంకో మాత్రం వారిని ‘వియర్డ్ సిస్టర్స్’ అనే పిలుస్తారు. షేక్‌స్పియర్ రచనలన్నింటిలోనూ ఈ మాట ఈ ఒక్క నాటకంలోనే, ఆరుసార్లు వస్తుంది. ప్రతిసారీ వారి గురించే.

విధి అన్న మాట బరువు ఎంతటిదో ఆ నాటకంలోని మొదటి అంకం చూపుతుంది. యుద్ధం గెలిచి వస్తున్న ఇద్దరు సేనానులు బీడునేలలో ఆ ముగ్గురినీ కలుస్తారు. మాక్‌బెత్ రాజవుతాడని, బాంకో రాజు కాకపోయినా రాజులకు మూలపురుషుడవుతాడని వారు చెబుతారు. హత్య చేయమని వారు ఎక్కడా చెప్పలేదు. కత్తి ప్రసక్తే వారి మాటల్లో లేదు. మాక్‌బెత్ కూడా ఒక క్షణంపాటు, రాజ్యం రాసిపెట్టి ఉంటే తన ప్రయత్నం లేకుండానే వస్తుంది కదా అని సరిగానే ఆలోచిస్తాడు. ఆ ఆలోచన అతని మనస్సులో నిలవదు. జరగబోయేది అన్న మాట అతని చెవిలో చేయవలసినది అని మారిపోతుంది. అతిథిగా వచ్చిన వృద్ధరాజు ఆ రాత్రే నిద్రలో హతుడవుతాడు. బాంకో కూడా అదే చోట, అదే నోటినుండి తన వంశానికి రాజ్యయోగం ఉన్నదని విన్నాడు. చీకటిశక్తులు చిన్న నిజాలు చెప్పి పెద్ద విషయంలో ముంచుతాయని అతడు మిత్రుణ్ణి హెచ్చరించాడు. ఎవరినీ చంపలేదు. ఒకే పలుకు విన్న ఇద్దరి జీవితాలు రెండు దారులు పట్టాయి. ఆ ముగ్గురిని విధి సోదరీమణులుగా అర్థం చేసుకున్న ప్రేక్షకుడికి ఈ నాటకం ఒక తీవ్రమైన ప్రశ్నగా ఎదురవుతుంది: మాక్‌బెత్‌ను హంతకుణ్ణి చేసినది వారా, అతడేనా? వారిని కేవలం వింత ముసలమ్మలుగా చూసినవానికి ఆ ప్రశ్నే తట్టదు.

నాటకం చివర స్త్రీ కన్నవాడెవడూ తనను చంపలేడన్న మాటను నమ్ముకొని మాక్‌బెత్ ధీమాగా నిలబడతాడు. పురుడు రాకముందే తల్లి గర్భాన్ని చీల్చి బయటకు తీయబడిన మాక్‌డఫ్ చేతిలో మరణిస్తాడు. పగలు గాని రాత్రి గాని, మనిషి చేత గాని మృగం చేత గాని చావకుండా వరం పొంది, సంధ్యవేళ నరసింహుని ఒడిలో కూలిన హిరణ్యకశిపుని కథ తెలిసినవారికి ఈ ముగింపు కొత్తగా అనిపించదు. అయితే హిరణ్యకశిపుడు తన షరతులను తానే కోరి తెచ్చుకున్నాడు. మాక్‌బెత్ ఇతరుల మాటల్లో తనకు నచ్చిన అర్థాన్ని ఏరుకున్నాడు.

పదం అర్థం మారటానికి నాంది ఈ నాటకమే. లండన్ ప్రేక్షకులకు ‘వియర్డ్’ అప్పటికే అపరిచితమైన ఉత్తరాది మాట. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకసంపుటంలో ఈ పదం ఒక్కసారి కూడా నేటి వర్ణక్రమంలో లేదు. మూడుచోట్ల ‘వేవర్డ్’ను, అంటే మొండి లేక పెడదారి పట్టిన అనే మాటను తలపించే రూపం, మిగిలిన మూడుచోట్ల మరొక రూపం. అచ్చు కూర్చినవారికి గాని, ప్రతి వ్రాసినవారికి గాని ఆ మాట సుపరిచితం కాదని దీనివల్ల ఊహించవచ్చును. 1660వ దశకంలో విలియం డావెనంట్ ఈ నాటకాన్ని మార్చి ప్రదర్శించినప్పుడు ఆ సోదరీమణులు పాటలు పాడారు, నృత్యం చేశారు, యంత్రాల సాయంతో గాలిలో ఎగిరారు. జనానికి ఆ వినోదం బాగా నచ్చింది. విధిదేవతలు విదూషకులయ్యారు. 1733లో లూయిస్ థియోబాల్డ్ తన పరిష్కరణలో హాలిన్షెడ్‌ను ఆధారం చేసుకొని ‘వియర్డ్’ అనే పాఠాన్ని నిలిపాడు. పాఠం సరి అయింది. కాని అప్పటికి విధి అనే అర్థం సామాన్య పాఠకుడికి తెలియదు. పక్కన నిలిచి ఉన్న స్త్రీల ఆకారాన్ని బట్టి, వారి చేష్టలను బట్టి అతడు అర్థాన్ని ఊహించుకున్నాడు. వియర్డ్ అంటే ఇలా భయంకరంగా, అలౌకికంగా ఉండేదన్నమాట అనుకున్నాడు.

19వ శతాబ్దపు కాల్పనిక కవులు ఈ ఊహకు సాహిత్యగౌరవం కల్పించారు. షెల్లీ 1816లో ప్రచురించిన ‘అలాస్టర్’లోనూ, కీట్స్ 1820 నాటి ‘లామియా’లోనూ ఈ మాట సోదరీమణులతో పని లేకుండానే, మానవాతీతమైన గగుర్పాటును సూచించే విశేషణంగా కనిపిస్తుంది. ఒక్కసారి విశేషణంగా విడివడిన తరువాత దాని దిగుబాటకు అడ్డు లేకపోయింది. అలౌకికం నుండి భయానకానికి, భయానకం నుండి అసహజానికి, అక్కడినుండి కొంచెం తేడాగా ఉన్న ప్రతిదానికీ అది వ్యాపించింది. 1923లో అమెరికాలో ‘వియర్డ్ టేల్స్’ అనే మాసపత్రిక వెలువడేనాటికి ఆ పేరులో భయం, విస్మయం ఇంకా మిగిలి ఉన్నాయి. ఇప్పుడు అవి కూడా పలచబడ్డాయి. తెలుగులో ‘విచిత్రం’ నడచిన దారిని దీనితో పోల్చి చూడవచ్చును. మొదట అది పలు రంగులు కలది అని అర్థమిచ్చేది. రంగులు పోయి వింత మిగిలింది. అక్కడ పోయినవి రంగులు. ఇక్కడ పోయినది విధి. నష్టం సమానం కాదు.

పాత క్రియ ‘వెయొర్థన్’ కూడా ఆంగ్లవ్యవహారంలో లేదు. దాని ధాతువు మాత్రం ‘టువర్డ్’, ‘ఫార్వర్డ్’ వంటి పదాల చివరి భాగంలో, ఏదో ఒక వైపునకు తిరిగినది అనే అర్థంతో ఎవరి కంటా పడకుండా ఉన్నది. సెల్‌ఫోన్లో ఒక సందేశాన్ని ‘ఫార్వర్డ్’ చేసే విద్యార్థి, ‘భలే వియర్డ్’ అని దానికి వ్యాఖ్య జోడిస్తే, ఒకే ధాతువును రెండుసార్లు వాడినట్లవుతుంది. ఇక స్కాట్ భాషా నిఘంటువులలో ‘వియర్డ్’ నేటికీ నామవాచకమే. ‘డ్రీ యువర్ వియర్డ్’ అని ఆ భాషలో ఒక నానుడి ఉన్నది. నీ వంతు విధిని నీవు ఓర్చుకో అని దాని భావం. వాల్టర్ స్కాట్ నవలలు చదివినవారికి అది పరిచితమే. ‘డ్రీ’ అనే ఆ క్రియ కూడా ప్రాచీనాంగ్లం నాటిదే. దక్షిణాన అదీ మరుగునపడింది.